కిలో నాలుకలు

లోఫోటెన్ దీవుల్లో ఫిబ్రవరి.
కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి వచ్చే నెల,
బడి వదలగానే పిల్లలు కత్తులు పట్టే నెల.
రేవు పక్క కొట్టంలో
కొయ్యబల్ల మీద నిలబెట్టిన ఇనుప ముల్లు.
తలను దానికి గుచ్చడం, ఒక్క కోత,
నాలుక బకెట్లోకి, తల తొట్టెలోకి.
ఇక్కడ ఇది తాతల నాటి నుంచి పిల్లల హక్కు,
కోసినవాడిదే నాలుకల సొమ్ము.
సైకిలు కొనుక్కుంటారు,
గట్టివాడైతే చిన్న పడవే కొనుక్కుంటాడు.

నేను తలుపు దగ్గర నిలబడ్డాను
చేతిలో టోపీ, టోపీలో మంచు.
ఇరవై ఆరేళ్లుగా ఈ రేవు చర్చిలో
కన్ఫర్మేషన్ పాఠాలు చెబుతున్నవాణ్ణి.
కొట్టంలో అందరికీ నా దగ్గు కూడా తెలుసు.
సివెర్ట్ తల ఎత్తలేదు.

అక్టోబరులో ఒక మంగళవారం
దేవుని కనికరం గురించి పాఠం.
ఉదాహరణ కావలసి వచ్చింది నాకు.
బోధకుడికి ఉదాహరణ దొరక్కపోవడమంటే
నడిచలికాలంలో కట్టెలు అయిపోవడం.
చేతికందిన కుర్చీని విరిచి పొయ్యిలో పెడతాం.
"మన రేవులోనే ఉన్నాడొకాయన,
ముందు పడవను తాగేశాడు, తర్వాత ఇంటిని తాగేశాడు,
ఆయన్ని కూడా దేవుడు వద్దనడు" అన్నాను.
పేరు చెప్పలేదు.
పదిమంది పిల్లలు
పదకొండోవాడి వైపు తిరిగారు.

చెప్పింది అబద్ధం కాదు.
ఇన్నాళ్లూ ఆ మాట వెనకే దాక్కున్నాను.
దేవుడు వద్దనడు, నిజమే.
కానీ ఆ నిజానికి పదును పెట్టి
ఎవరి మెడ మీద పరీక్షించానో
అది నాకు తెలుసు, పదకొండో కుర్చీకి తెలుసు.

వాడి తల్లి గున్వోర్ చర్చికి రావడం మానలేదు.
చివరి వరసకు మారింది.
ఆమెన్ అనవలసిన చోట
పెదవులు కదపడం మానింది.
ప్రసంగం బాగుందని నా చెయ్యి ఊపేవాళ్లకు
అది వినిపించదు.

వాళ్ల మెట్ల దాకా నాలుగుసార్లు వెళ్లాను.
నాలుగుసార్లూ గొంతులో సిద్ధంగా ఉన్నది
క్షమాపణ కాదు, సంజాయిషీ.
నరం లేని నాలుక ఎటైనా వంగుతుంది,
ఒక్క మోకాళ్ల వైపు తప్ప.

"నాకూ నేర్పు" అన్నాను ఇవాళ.
వాడు పక్కకు జరిగాడు.
కత్తిని తిప్పి, పిడి నా వైపు పెట్టి ఇచ్చాడు.
ఇరవై ఆరేళ్లలో ఒక్క మాటనైనా
అలా పిడి వైపు నుంచి అందించానా?

మొదటి తల ముల్లు మీంచి జారింది.
రెండోది సగంలో చీలింది.
"ముందు మీ వేళ్లు చూసుకోండి" అన్నాడు.

ఏడో తల దగ్గర నోరు పెగిలింది.
"ఆ రోజు అన్నది మీ నాన్న గురించే.
అందరికీ అర్థమయ్యేలాగే అన్నాను. తప్పు నాది."
'తెలియక' అనే మాట పళ్ల దాకా వచ్చింది.
మింగాను. ఉప్పగా ఉంది.

వాడు గుచ్చుతూ, కోస్తూ, విసురుతూ
చాలాసేపటికి,
"నాన్న జనవరి నుంచి తాగట్లేదు.
అది మాత్రం పాఠంలో చెప్పకండి" అన్నాడు.
చెప్పనన్నాను.
ఇక్కడ రాసిన పేర్లేవీ వాళ్లవి కావు.

తూకం దగ్గర వాడివి ఏడు కిలోలు,
నావి కిలోకు కాస్త తక్కువ.
తూచేవాడు నా నాలుకలను తిరగేసి
అంచులు చిరిగినవి ఏరి పారేస్తూ
"పిల్లల నాలుకలైతే చూసీచూడనట్టు పోనిస్తాను,
మీరు చెప్పేవారు కదా" అని నవ్వాడు.
నేనూ నవ్వాను, ఆలస్యంగా.

బయట కొయ్యల మీద తలలు వేలాడుతున్నాయి
నోళ్లు తెరుచుకుని, గాలికి ఎండుతూ.
వేసవి దాటాక నైజీరియా వెళ్తాయి,
ఎవరి పులుసుకో రుచిస్తాయి.
ఒక్క మాటా అనకుండానే.

రాత్రి మంగళవారం పాఠం రాసుకున్నాను.
ఉదాహరణ చోట నా పేరే పెట్టి
కొట్టేశాను.
నా కథలోనూ వాడు కూర్చునే ఉన్నాడు.

ఈసారికి ఉదాహరణ లేదు.
పొయ్యి చల్లగానే ఉండనీ.
పదకొండు కుర్చీలూ వేశాను.