పదహారో అతుకు

మా తాత చిలువేరు శంభయ్యకు
ఇంగిలీషు రాదు, యుద్ధం రాదు.
వచ్చిందల్లా తెగిన పోగును
బూడిద అద్దిన రెండు వేళ్ల నడుమ
ముడి కానరాకుంట మెలిపెట్టుడే.

కొత్తవాడ సందులకు జట్కా వచ్చి
మామునూరు మైదానానికి తోలుకపోయింది.
సీతాఫలం పొదల పక్కన
తోక నేలకానించి, మూతి మొగులుకెత్తి
మొరగబోయే కుక్క తీరు కూసున్నది విమానం.
ముందర ఇనుము. వెనక సగం బట్ట.
"గింత లొల్లి చేసేది గుడ్డదా!" అని
తాత నవ్విండట.
ఎవ్వలూ నవ్వలే.

దొర పేరు ట్రెగెంజా, స్క్వాడ్రన్ లీడర్.
నోరు తిరగక మావోళ్లు తిరుగుజంగమన్నరు.
ఆస్ట్రేలియాల గోధుమ చేన్లకెల్లి వచ్చినోడు.
ఇరవై ఆరేండ్లోడే, కండ్లకింద మాత్రం
నాలుగు కరువులు చూసిన నీడ.
ఆయన మాటను జాఫర్ మియా ఉర్దూలకు వంచి
ఉర్దూకెల్లి మనదాంట్లకు ఒంపేసరికి
యుద్ధం గిద్దెడు మిగిలేది:
"ఎడారిల ఇద్దర్ని కూల్చిండట.
సముద్రం మీద ఒకణ్ని.
బర్మా అడవుల మీద లెక్క ఆపేసిండట."
"ఎందుకు ఆపిండు?" అన్నడు తాత.
ఆ ఒక్క మాట
జాఫర్ మియా అటు దాటియ్యలే.

బట్ట మీద అరచెయ్యి పెట్టిండు తాత.
కొత్త తూట్లు పదిహేను.
పాత అతుకులు అంతకు రెట్టింపు.
కుట్టుకు మొకముంటది, చూస్తే తెలుస్తది:
ఇది చెయ్యి తిరిగిన దర్జీది,
ఇది దీపంబుడ్డి ఎలుగుల ఆగమాగం వేసింది,
ఇది ఎడమచేతోనిది.
దొర ఒక్కొక్కదాని మీద వేలు పెట్టుకుంట
రైలు టేషన్ల పేర్ల లెక్క చెప్పుకొచ్చిండు:
ఇది చింద్విన్ నది దాటంగ,
ఇది మబ్బుల పొరపాటున మనోడే కాల్చింది.
దానికి తనే నవ్విండు.

తోకకు జానెడు ముందు
ఎర్రదారంతోని వంకరకుట్టు ఒకటి.
పోగులు లేస్తున్నయి.
వేలు దాని మీదికి రాలే.

"అది నాది కాదు.
నాకన్న ముందు దీన్ని నడిపిన పిల్లగానిది.
పందొమ్మిదేండ్లు.
బండిని దింపిండు.
వాడు దిగలే.
వాళ్లమ్మకు ఉత్తరం నేనే రాసిన.
అసొంటివి ఇరవైమూడు రాసిన.
దాన్ని ముట్టకుమను."

తాత తల అడ్డంగ ఊపిండు.
"ఇడిసిపెడితే పక్క పోగులను గుంజుకపోతది, చెప్పు దొరకు.
ఎవలిదో గాలికి ఎరుకనా?"
శానాసేపటికి దొర మొకం తిప్పుకున్నడు.
అది ఒప్పుకోలే అనుకున్నడు తాత.
ఎర్రదారం ఇప్పలే.
దాని మీద, దానికన్న నాలుగు వేళ్లు వెడల్పున
కొత్త గుడ్డ పరిచి సుట్టూ కుట్టిండు.

మీద పూసే మందుది మాగిన అరటిపండు వాసన.
మన గంజి లెక్కనే, ఎండుతుంటే బిగుస్తది.
గోటితో కొడితే డప్పు మోగిందట.
నాలుగు హాలీ రూపాయలు చేతుల పెట్టిండ్రు.
తెల్లారి ఆజంజాహి మిల్లు కూత పెట్టే యాళ్లకు
కొత్తవాడ పెంకుల మీదికెల్లి పోయింది విమానం.
కూలిందో, చేరిందో,
తిరుగుజంగం మల్ల గోధుమలు కోసిండో లేదో,
మాకు చెప్పేటోళ్లెవరు?

ఎనభై దాటినంక కూడ
మొగులు ఉరిమితే లేచి కూసునేటోడు తాత.
పిడుగుకు కాదు.
"గా పదహారోదానికి, కింది మూలన
ఒక్క ముడి తక్కువైంది.
పొద్దుగూకింది. దీపం తెమ్మంటే
పెట్రోలున్నది వద్దన్నరు.
ఒక్కటే ముడి" అనుకుంట
చీకట్ల బొటనవేలు, చూపుడువేలు
ఒకదానికొకటి రాసుకునేటోడు,
బూడిద కోసం.