లాభం, రెండు, మూడు

మిర్చి యార్డులో ముప్పై ఆరేళ్లు
ఊపిరి నాకు చేబదులు లాంటిది.
చిటికెడు తీసుకోవాలి,
ఘాటు పట్టకముందే తిరిగిచ్చెయ్యాలి.
తువ్వాలు కొస ముక్కుకి చుట్టుకుని
సగం సగం పీల్చి బతికినోణ్ణి.

ఇప్పుడు సలోమి నర్సమ్మ
నా జబ్బకి నల్ల పట్టీ చుట్టి
"నూట అరవై ఎనిమిది" అంది,
బస్తా తూకం చెప్పినట్టు.
"కింద ఎంత?"
"తొంభై ఆరు. మాత్ర మానేశావా సిలారు తాతా?"
మాననే లేదమ్మా.
ఉప్పు చేప కూడా మానలా.

నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.
"భుజాలు వదిలెయ్. పొట్ట మీద చెయ్యి పెట్టు.
నాలుగు లెక్కపెడుతూ పీల్చు,
ఆరు లెక్కపెడుతూ వదులు.
కళ్లు తిరిగితే ఆపెయ్. మాత్ర మాత్రం ఆపకు."

భుజాలు వదిలెయ్యాలంట!
వాటి మీదే కదా ఇల్లు లేచింది.

మొదటి రోజు రెండుకే దగ్గొచ్చింది,
లేని కారం గొంతులో రాజుకుని.
మూడో రోజు ఖాసిం గుర్తొచ్చాడు.
తేజా బస్తా వీపు దిగకుండానే
మూతి వంకరపోయి కూలబడ్డోడు.
లెక్క తప్పింది. లేచి బజారుకి పోయా.

ఎనిమిదో రోజో, తొమ్మిదో రోజో,
ఏటుకూరు రోడ్డు మీద లారీలు మూలుగుతుంటే
మంచం పట్టెకి ఆనుకుని కూర్చున్నా.
ఒకటి అనబోతే నోరు తిరగలా.
కాటా దగ్గర ఒకటి అనం గదా.
"లాభం" అన్నా.
లాభం... రెండు... మూడు... నాలుగు.
ఒళ్లంతా గుర్తుపట్టింది.

వదిలేటప్పుడు తెలిసింది, ఇది దించుడని.
ఎత్తడం ఎవడైనా ఎత్తుతాడు.
దబ్బున పడేస్తే కుట్టు తెగుద్ది, కాయ చిట్లుద్ది.
వీపు మీంచి తొడ మీదికి,
తొడ మీంచి నేలకి,
పసిబిడ్డని పడుకోబెట్టినట్టు
లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు,
ఆరుకి నేల తగిలింది.

పక్క మంచం మీంచి జైనాబీ:
"ఇంత రాత్రప్పుడు ఎవరికి తూస్తన్నావయ్యా?"
"నాకే."
కాసేపు చప్పుడు లేదు.
తర్వాత చీకట్లో ఆమె ఊపిరి కూడా
మెల్లగా, నా వెనకే,
ఒక అంకె ఆలస్యంగా.

నిన్న ఆస్పత్రిలో నూట యాభై రెండు.
ఇంకా బరువే. పుస్తకంలో రాసుకుని
"పర్లేదు" అంది నర్సమ్మ.
పట్టీ విప్పబోతుంటే
జైనాబీ ముంజేయి పట్టుకుని ముందుకు లాగా.
గాజులు గలగలమన్నాయి.
"ఈమెకీ చుట్టమ్మా" అన్నా.