తాడు రెండో కొస

చీటీ మీద ఇంకా కర్నూలు జిల్లా అనే ఉంది.
ఊరు నంద్యాల జిల్లాలోకి పోయింది,
చీటీకి ఎవరూ చెప్పలేదు.

ఆత్మకూరు దాటి, అడవి చెక్‌పోస్టుకు ముందర
రేకుల కప్పు మ్యూజియం మాది.
అంతకుముందు అటవీశాఖ గోడౌను.
ఇరవై రెండేళ్లుగా తాళాలు తీస్తాను, వేస్తాను,
అద్దాలు తుడుస్తాను.
విల్లు, అంబులపొది, ఇప్పపూల బుట్ట, గొడ్డళ్లు
ఎవరి చేతివో ఎప్పుడూ అనుకోలేదు.
దుమ్ము అన్నిటి మీదా ఒకటే గదా.

నస్రీన్ మేడం వచ్చినాక
ఇనుప బీరువాలోంచి పాత రిజిస్టరు బయటికొచ్చింది.
'ఎలా లభించినది' అనే గడిలో
పైనుంచి కింది దాకా ఒకటే మాట: దానం.
ఒకటే సిరా. ఒకటే తారీఖు.
ఆమె వేలు ఆ వరుస మీద నిదానంగా దిగింది,
వాగులో లోతు చూసుకుంటూ దిగినట్టు.
"మద్దిలేటీ, ఒకే దినం
ముప్పై ఒక్క ఇండ్లవాళ్లు గొడ్డళ్లు దానమిచ్చినారా?"
గోడౌను రోజుల్లో నేను లేను మేడం, అన్నాను.
అది నిజమే.
అదొక్కటే నిజం కాదు.

శుక్రవారం గూడెం నుంచి మనుషుల్ని పిలిపించింది.
జీపు దిగి వాళ్లు గడప బయటే నిలబడినారు.
గోడౌను వాకిలి వాళ్లకు గుర్తుంది.
కుడుముల బయమ్మ ముందు లోపలికొచ్చింది,
చెప్పులు చేత పట్టుకుని.

'ఆయుధము' అని రాసిన కర్ర ముందర ఆగి నవ్వింది.
"దీంతో గడ్డలు తవ్వుతారు సామీ.
కాన్పైన మూడో దినమే మా అత్త
ఇట్లాంటిది పట్టుకుని కొండెక్కింది."
మేడం పెన్సిలుతో ఆయుధాన్ని కొట్టేసింది.

ఈదన్న ఒక గొడ్డలి పిడి మీద
మూడు గాట్లు తడిమినాడు. పిల్లల లెక్కంట.
నాలుగోది పుట్టేసరికి గొడ్డలి లేదంట.
"ఇచ్చేస్తారా?" అని అడిగినాడు.
మేడం దగ్గర దానికి ఏ చీటీ లేదు.

ఆ తర్వాత తాడు.
'తీగనార తాడు. తేనె తీయుటకు.'
బయమ్మ అద్దానికి ముక్కు ఆనించింది.
ఊపిరికి అద్దం మసకేసింది,
అలవాటుగా నా చెయ్యి గుడ్డ మీదికి పోయింది.

"చరియలోకి దిగేది మొగుడు.
పైన తాడు పట్టేది పెండ్లాం తోడబుట్టినోడు.
అన్నకూ తమ్మునికీ ఇయ్యరు తాడు.
అక్క బతుకు ఎవనికి బరువో వాడే పట్టల్ల.
ఇది మా నాయన దిగిన తాడు. పట్టింది మా మామ."
అని, కాసేపాగి,
"మా నాయన కొస ఉండాది.
మా మామ కొస యాడ?"

తెగిన చోట నార చీలలేదు.
నున్నగా ఉంది.

పెట్టె నాలుగడుగులే. తాడు పట్టలేదు.
పన్నెండేళ్ల కింద, కలెక్టరు రాకకు ముందు రాత్రి,
కొడవలితో, నేనే.

ఎవరూ నా వైపు చూడలేదు.
నేనే వెనకవైపు పోయినాను.
జనరేటరు మీది టార్పాలిన్‌కు కట్టిన ముడి
విప్పుతుంటే గోళ్లు లేచినాయి.
పన్నెండు వానాకాలాలు పట్టుకునే ఉంది.
దానికి తెలిసిన పని అదొక్కటే.

బయమ్మ వాసన చూసి, డీజిలు, అంది.
చేతికి చుట్టుకుంది, మళ్లీ విప్పింది.
ముడేద్దామా అంటే వద్దంది.
"ముడేసిన తాడు మీద
ఎవురూ దిగరు సామీ."

ఇప్పుడు పెట్టెలో రెండు ముక్కలు,
మధ్యన జానెడు ఖాళీ.
'దానం' కొట్టేసిన గడిలో ఏం రాయాలో
ఇంకా తేలలేదు, ఫైలు పై ఆఫీసుకు పోయింది.
గొడ్డలీ ఆడనే ఉంది, జిల్లా పేరూ అట్లనే ఉంది.
తాడు చీటీ మాత్రం మేడం ఆ సాయంత్రమే మార్చింది,
నన్ను అడిగే మార్చింది:
'కోసినది: వాచ్‌మన్ మద్దిలేటి.'
బడిపిల్లలు దాన్ని కూడబలుక్కుని చదివి
నా వైపు తిరుగుతారు.
నేను అద్దం తుడుస్తుంటాను,
ఆ అక్షరాల దగ్గర కొంచెం నిదానంగా.