బ్రాకెట్లలోది యంత్రం చదవదు

ఎల్గోయిబార్‌లో వాన పడదు,
గాలిలో వేలాడుతుంది.
దేబా నది మీంచి లేచి షట్టర్ కింద దూరి
నిన్న తుడిచిన వైస్ దవడల మీద
తెల్లారేసరికి తుప్పు రాసిపోతుంది.
షిఫ్టు ఎక్కగానే నా మొదటి పని నూనె గుడ్డ.
రెండోది కాఫీ.
మూడోది, స్పిండిల్‌ని ఇరవై నిమిషాలు ఊరికే తిప్పడం.
చలిలో లేచిన యంత్రం అబద్ధమాడుతుంది షుబాన్,
పన్నెండు మైక్రాన్ల అబద్ధం.
మనిషైతే క్షమించేదాన్ని. ఇది పంపు బాడీ.

నాలుగువేల నాలుగువందల పదిహేడో ప్రోగ్రాం
పెల్లో రాసింది, పందొమ్మిదేళ్ళ కిందట,
రెండు వేళ్ళతో,
ఒక్కో అక్షరాన్నీ గోటితో గిల్లినట్టు.
మధ్యమధ్య బ్రాకెట్లు తెరిచి మాటలు దాచేవాడు.
బ్రాకెట్లలోది యంత్రం చదవదు,
గడపలా దాటేసి పోతుంది.

(మూడో క్లాంపు తిరగేసి బిగించు. ఎందుకని అడక్కు.)
(డ్రాయింగులో ఆరు. ఆరు కాదు. కొలిచి చూడు.)
(ఈ డ్రిల్లు ఈల వేస్తే పోనీ. ఏడిస్తే ఆపు.)

ఏడుపుకీ ఈలకీ తేడా ఏమిటన్నావు మొదటి రోజు.
ఏం చెప్పను?
తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడమన్నాను.
నీకు నవ్వొచ్చింది.

స్టెయిన్‌లెస్‌కి పౌరుషం ఎక్కువ.
బతిమాలుతున్నట్టు రుద్దావా, బిగుసుకుపోతుంది;
తెగించి దిగితేనే తెగుతుంది.
ఇక ఆ చుక్క. చీమ తలంత దశాంశ చుక్క.
జెడ్ యాభై అని కొట్టి చుక్క మరిచాను ఒకసారి.
పైకి పొమ్మన్నాననే అనుకున్నాను,
అది వెంట్రుక మందం లేచి పక్కకి దూకింది.
ఏడువందల యూరోల కట్టర్‌ని
ట్రేలోంచి ముక్కలుగా ఏరుకున్నాను.
సోమవారం కూలెంట్ కంపు సంగతి నీకు చెప్పనక్కర్లేదు,
బస్సులో నీ పక్క సీటూ ఖాళీయే కదా.

పై అంతస్తులో ఉనాయ్. మంచివాడే.
తెర మీద ఆకుపచ్చ గీతలు గీస్తాడు.
అక్కడ బోల్టులకి తలలుండవు,
చిప్స్ డ్రిల్లుకి జుట్టులా చుట్టుకోవు.
మార్చిలో పాత ప్రోగ్రాములన్నీ శుభ్రం చేశాడు.
"పనికిరాని రాత" తీసేస్తే
మెమరీ మూడోవంతు మిగిలిందట.

ఆ గురువారం నువ్వు మూడో క్లాంపుని
అందరూ బిగించినట్టే బిగించావు.
రాపిడ్ నూరు శాతం మీద ఉంది.

ఒక్కటే చప్పుడు.
తర్వాత లేత్‌లు, గ్రైండర్, రేడియో
అన్నీ నీ మొహంలోకే చూశాయి.
ఎర్ర బటన్ ఎవరు నొక్కామో ఇప్పటికీ తెలీదు.

ఫారంలో "కారణం" అన్న గడిలో
ఆపరేటర్ అని రాసి పంపారు.
కొట్టేసి, "బ్రాకెట్లు" అని రాశాను.
ఎవరికీ అర్థం కాలేదు. సంతకాలు మాత్రం పెట్టారు.

ఆ రాత్రి పెల్లోకి ఫోన్ చేశాను.
ఇప్పుడు మిరపకాయలు పెంచుతున్నాడు, ఒక చెవి పోయింది.
"ఏ ప్రోగ్రాం?" అని మూడుసార్లు అడిగాడు.
నంబరు వినబడ్డాక మాత్రం ఆగలేదు,
ఒకటో టూల్ నుంచి పద్నాలుగు దాకా
పిల్లల పేర్లు చెప్పినట్టు చెప్పుకుపోయాడు.
నేను కొడుతూనే ఉన్నాను, రెండు వేళ్ళతోనే.

"చివర ఒకటుండేది కదా, ఎం ముప్పైకి ముందు?"
ఫోన్లో కుక్క మొరిగింది.
"అది వద్దులే" అన్నాడు.

పెట్టాను.

(రాత్రి మూడు. వాన. ఎవరైనా ఉన్నారా?)

ఇరవై రోజులయింది.
నిన్న ఆ లైను దాకా దిగి చూద్దును కదా,
కింద ఇంకో బ్రాకెట్, అక్షర దోషంతో:

(ఉనాను. క్లాంపు తిరగేశా. ఈల వేస్తోంది.)

నేనేం దిద్దలేదు.
సైకిల్ స్టార్ట్ నొక్కి, తలుపు మీద చెయ్యి ఆనించాను.
తొమ్మిదో టూల్ ఫీడ్ మాత్రం ఇంకా ఎక్కువే పెడుతున్నావు.
రేపు మాట్లాడదాం.