నీళ్లు బరువెక్కినాయి

గంగపట్నం రొయ్యలగుంట గట్టు మీద
రాత్రి తొమ్మిదిన్నర.
ఒక చెవిలో ఏరియేటర్ల హోరు,
ఇంకో చెవిలో క్రాకోవ్ నుంచి మాగ్దా.
ఆమెకింకా పొద్దు పోలేదు.
మనీలాలో అర్ధరాత్రి. డాంటే కెమెరా ఆపేశాడు గానీ
ఆవలింత మైకులోంచి దాటొస్తోంది.

"రైతుకేం కావాలో ఒక్క వాక్యంలో చెప్పు."

మస్తానయ్య చెక్ ట్రే పైకి లాగాడు.
రొయ్యని టార్చి వెలుగుకి అడ్డం పట్టి
పేగు నిండిందో లేదో చూశాడు.
మోచేతి దాకా చెయ్యి ముంచి, కాసేపుండి,
"నీళ్లు బరువెక్కినాయి మ్మా" అన్నాడు.

టైపు చేశాను.
"బరువా? కిలోల్లోనా, లీటరుకా?"
అడిగితే ఆయన నవ్వలేదు,
అదే నాకు సిగ్గనిపించింది.
"బరువంటే బరువే.
తెల్లారేపాటికి తలలు పైకెత్తతాయి, సూడు."

పోయిన నెల కౌంటు గొడవ.
ముప్పై కౌంటంటే కిలోకి ముప్పై తూగే పెద్ద రొయ్య,
నూరు కౌంటంటే నూరు, పిల్లకాయ.
అంకె తగ్గితే డబ్బు.
ఇది కూడా చెప్పాలని నాకు తోచలేదు,
నెల్లూరులో ఎవరైనా చెప్తారా ఈ మాట!
వాళ్లు పెద్ద అంకెకి పచ్చరంగు పూసి పంపారు.
ఫోనులో మెరిసిపోతున్న తన గుంటని చూసి
మస్తానయ్య అల్లుడు శీనయ్య అన్నాడు కదా:
"మేం మునిగిపోతుంటే
మీవోళ్లకి పచ్చగా కనపడతాదేందక్కా?"

"పట్టుబడి తేదీ?" మాగ్దా గొంతు.
అమావాస్య పోనీమంటాడు మస్తానయ్య,
గుల్ల విడిచిన మెత్తరొయ్యని ఎవడు కొంటాడని.
తేదీ గడిలో అమావాస్య పట్టదు.
డాంటే ఉన్నట్టుండి మైకు తెరిచి
"మా తాత కూడా చంద్రుణ్ణి చూసే వల దించేవాడు" అన్నాడు.
ఎవరూ మాట్లాడలేదు.
మళ్లీ మూసుకున్నాడు.
"తర్వాతి విడతలో చూద్దాం" అంది మాగ్దా,
మర్యాదగానే.

ఫారం అడుగున ఒక గడి మిగిలింది:
ఇతర వివరాలు, తప్పనిసరి కాదు.
మస్తానయ్యకి కావలసిందంతా అందులోనే రాస్తున్నాను,
అక్షరాల లెక్క అయిపోయేదాకా.

బరువు సంగతి మీద జవాబు మాత్రం వెంటనే వచ్చింది:
'మా దగ్గర ఈ సమస్య కనపడటం లేదు. మూసేస్తున్నాం.'
కనపడదు మరి.
అక్కడ గుంటేదీ?

లాప్‌టాప్ మూసి, గాజులు పైకి తోసుకుని
నేనూ చెయ్యి పెట్టాను నీళ్లలో.
గోరువెచ్చగా ఉన్నాయి. అంతే.
ఇంకేం తెలియలేదు.

తీసేయబోతుంటే మస్తానయ్య
"ఇంకాసేపు ఉంచు" అన్నాడు.