కుడి దంతం విరిగినాయన

నా పేరు యోతాము న్జోవు.
మా భాషలో న్జోవు అంటే ఏనుగు.
బండెక్కగానే ఈ మాట చెబుతాను, అందరూ నవ్వుతారు.
ఆ నవ్వుతో సగం భయం పోతుంది,
మిగతా సగం దారిలో పనికొస్తుంది.

ఫోటోలు తీయించడం నా పని.
పొద్దు ఎటు వాలిందో చూసుకుని
బండి ముక్కు తిప్పాలి,
ఇంజను ఆపాలి, ఆపాక
సీట్లు కిర్రుమనకుండా చూడాలి.
"కొంచెం ముందుకి, యోతాం. ఆ కొమ్మ అడ్డొస్తోంది."
కొమ్మ చిరుతది. అడ్డొచ్చింది మనం.
పైకి అనను. జానెడు జరుపుతాను.

చిరుత తలెత్తుతుంది.
మోచేతి పొడవు లెన్సులన్నీ
ఒక్కసారిగా టకటకా పళ్లు కొరుకుతాయి.
దానికిది కొత్త కాదు. జింక మెడ వదలకుండానే
ఈగని తోలడానికి ఒక చెవి ఆడిస్తుంది.

పోయినేడు గోడెలీవ అనే పెద్దావిడ వెళ్తూ వెళ్తూ
తన పాత కెమెరా నా ఒళ్లో పెట్టింది.
"నా మెడకి బరువైపోయిందిది" అంది.
జూమ్ తిప్పితే లోపల ఇసుక కరకరలాడుతుంది.

సెలవునాడు సైకిలేసుకుని లువాంగ్వా ఒడ్డుకి పోయాను.
సెప్టెంబరు. ఏరు చిక్కి ఎముకలు తేలే నెల.
నిట్టనిలువు గట్టునిండా బొక్కలు,
బొక్కబొక్కకీ ఒక కెంపు పసిరిక కాపురం.
గద్ద నీడ తగిలిందంటే
గట్టుకి గట్టే లేచిపోతుంది.
మంట అనబోయి ఆగాను.
మంట ఇంత గొడవ చెయ్యదు,
మంటకి నెత్తిన నీలం టోపీ ఉండదు.

మూడొందలు తీశాను.
రెండొందల తొంభైలో ఉత్త ఆకాశం,
ఏడింటిలో తోకలు,
రెండింటిలో నా బొటనవేలు.
మిగిలిన ఒక్కదాంట్లో పిట్ట ఉంది,
ముక్కున కరిచిన కందిరీగని కొమ్మకేసి కొడుతోంది.
రెక్క అంచు మాత్రం చెదిరిపోయింది.
నాకా చెదిరిన చోటే నచ్చింది,
ఎందుకని అడిగితే చెప్పలేను.

సెలీపా అత్తకి చూపించాను.
కళ్లు చికిలించి, "ఎర్రగా ఉంది" అంది.
చేట చెరిగి, నూకలు కోళ్లకేసి, అప్పుడడిగింది:
"ఏనుగుని తీస్తుందా ఇది? రాత్రిపూట?"

మా ఇళ్ల దగ్గర ఏనుగు రాత్రి జంతువు.
డబ్బాలు మోగించి,
మిరపపొడి కలిపిన పిడకలు రాజేసి
మనమే దగ్గుతూ, మన కళ్లే మండుతూ కాపు కాయాలి.
తెల్లారాక అదే ఏనుగుని
"అదుగో, కుడి దంతం విరిగినాయన" అంటూ
అతిథులకి మర్యాదగా పరిచయం చేస్తాను.

శనివారం అత్త గాదె కూలింది.
టార్చి ఆవిడ పట్టింది, కెమెరా నేను పట్టాను,
ఇద్దరి చేతులూ నిలవలేదు.
పడిందేమిటంటే, మట్టిపెళ్లలు, చొప్ప,
చీకటికన్నా కాస్త చిక్కగా ఏదో గోడలాంటిది.

అటవీ ఆఫీసులో గుమాస్తా
ఫోటోని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
"ఇందులో ఏనుగేదమ్మా?"
అత్త బల్లమీదకి వంగి వేలు పెట్టింది.
"ఇది చెవి. ఇది నా మొక్కజొన్న.
ఇదిగో, ఇది మళ్లీ చెవి."
"ఇక్కడ?"
"అక్కడ నేను. కేకేస్తున్నాను, కనబడ్డంలేదూ?"
అతను ఏదో రాసుకున్నాడు.
రబ్బరు ముద్ర వెతికాడు, దొరకలేదు, రేపు రమ్మన్నాడు.

సోమవారం పొద్దున్నే ఆయన తుమ్మచెట్ల కింద నిలబడున్నాడు.
దుమ్ములోంచి వాలుగా వెలుతురు
విరిగిన దంతం కొసన ఆగింది.
ఎవరూ చెప్పకముందే బండి తిప్పాను.
వెనక సీట్లో ఎవరో "అబ్బ" అన్నారు, మెల్లగా.
"ఏం తింటోంది?"
"తుమ్మకాయలు" అన్నాను.
అబద్ధం కాదు, అప్పుడు తింటున్నవి అవే.

బాట నడిమధ్య వెచ్చటి పేడ,
ఇంకా పొగలు కక్కుతోంది.
అందులో నమలని గింజలు, పచ్చగా, పలుకు పలుకునా.
చక్రం దాన్ని తొక్కకుండా
పక్కనించి పోనిచ్చాను.