సాయంత్రం ఆరు తర్వాత

కాశీబుగ్గ బస్టాండు పక్కన
పంతొమ్మిదేళ్లు ఎస్టీడీ బూత్ నడిపినోణ్ణి.
అద్దాల గదిలో నిలబడి ఏడ్చినోళ్లనీ,
ఎర్ర అంకెలు చూసుకుని
ముద్దుమాట మధ్యలో తుంచేసినోళ్లనీ చూశాను.
దాలమ్మ మాత్రం ఎప్పుడూ బయటే.
లోపల తమ్ముడు పెదాలాడిస్తుంటే
అద్దానికి ముక్కు ఆనించి
చేపలతొట్టిని చూసినట్టు చూసేది.
పుట్టుచెవుడు.
ఆ గదికీ ఆమెకీ ఏం చుట్టరికం?

ఇప్పుడా బూత్ లేదు.
అద్దాలు పకోడీల బీరువాకి పనికొచ్చాయి.
జీడిపిక్కల బట్టీలో పని దిగి
దాలమ్మ నా బల్లమీద కూర్చుంటుంది,
నీళ్లసీసాకి ఫోను ఆనించి.
అవతల సాలూరులో నూకరత్నం.
చెవిటిపిల్లల బడిలో పక్కపక్క మంచాలట.
ఇక మొదలు.
జీడిరసానికి నల్లబారిన పది వేళ్లు
గాల్లో ఎగిరి, విరిగి, తిట్టి, నవ్వి,
గుండె దగ్గర ఒక్కసారి ఆగి,
మళ్లీ.
నా దుకాణంలో
అన్నిటికన్నా పెద్ద గొంతు ఆ చేతులదే.

"ఏటి సెప్తందిరా?" అంటాడు కండక్టరు.
నాకేం తెలుసు.
ముక్కుపక్కన వేలు గుచ్చితే మేస్త్రీ అని తెలుసు,
అక్కడ వాడికి శనగగింజంత పుట్టుమచ్చ.

తక్కినోళ్లు పప్పు వలుస్తూనే ఊసులాడతారు.
ఆమెకి కుదరదు,
మాటాడాలంటే చేతులు ఖాళీ అవాలి.
కిలోకింతని కూలి.
అంచేత పగలంతా మూగది,
ఆరు దాటితే వాగుడుకాయ.

సిగ్నల్ పోతే
నూకరత్నం చెయ్యి గాల్లో బిగుసుకుపోతుంది,
సగం మాట, పైకెత్తిన చిటికెనవేలు.
దాలమ్మ దాన్నే చూస్తూ కూర్చుంటుంది
మిగతా సగం వచ్చేదాకా.

మొన్న గాలివానకి కరెంటు పోయింది.
చీకటి పడితే ఆమెకి నోరు పడిపోయినట్టే.
తెరలో నూకరత్నం ముఖం
కళ్లు చిట్లించి వెతుకుతోంది.
నా ఫోను తీసి టార్చి వేశాను
దాలమ్మ చేతుల మీద.
నలభై నిమిషాలు.
మూకుట్లో నూనె చల్లారింది.
చెయ్యి లాగేస్తే రెండో చేతికి మార్చుకున్నాను.
వెనక గోడమీద ఆమె వేళ్ల నీడలు
తాటిమట్టలంత.
నిమిషానికింతని మాటలమ్మినోణ్ణి నేను,
ఒక్క మాటనీ ఇంత దగ్గరగా చూళ్లేదు.

ఫోను కట్టేసే ముందు
నావైపు చూపించి నూకరత్నానికి ఏదో చెప్పింది.
గుప్పిట మూసి,
ఠక్కున తెరిచి.

నా పేరేనేమో.